గాలి గీసిన కలువలు: నా అనుభవం

తిరుపతి నుంచి చంద్రగిరి దాటి వెళ్తే, పెద్ద రోడ్డుకు రెండు మూడు కిలోమీటర్ల లోపల, మా పాఠశాలలో పనిచేసే ఒక సహోద్యోగి సొంత ఊరు ఉంది. ఆ ఊరి చెరువు నిండా కలువలు పూస్తాయని ఆయన చెప్పగా, కలువ కాడను అడ్డంగా కోసి అందులోని గాలి గొట్టాలను పిల్లలకు చూపించాలన్న ఉద్దేశంతో మొదటిసారి అక్కడికి వెళ్లాను. నేను జీవశాస్త్రం బోధిస్తాను. ఫోటోలు తీయడం పన్నెండేళ్లుగా నాకున్న వ్యాపకం కనుక కెమెరా కూడా వెంట తీసుకెళ్లాను. అది ఆషాఢ మాసం. పడమటి గాలి చెరువు మీదుగా ఎడతెగకుండా వీస్తోంది. కలువలు ఒక్క క్షణం కూడా నిలకడగా లేవు. కాడలు వంగుతున్నాయి, లేస్తున్నాయి, ఆకుల అంచులు పైకి లేచి లోపలి ఊదారంగును చూపించి మళ్లీ నీటికి అతుక్కుపోతున్నాయి.

ఆ ఉదయం నేను చేసింది, కెమెరా పట్టుకున్న వారెవరైనా మొదట చేసే పనే. షట్టర్ (వెలుతురు కోసం తెరుచుకుని మూసుకునే కెమెరా తెర) వేగాన్ని సెకనులో వెయ్యో వంతుకు పెంచి, కదిలే పువ్వును కదలనట్లుగా తీశాను. ఇంటికి వచ్చి చూసుకుంటే ప్రతి రేకూ స్పష్టంగా ఉంది, కేసరాలు లెక్కపెట్టుకోవచ్చు, ఆకు మీది నీటి బొట్టు కూడా కనిపిస్తోంది. పాఠానికి అవి చక్కగా పనికివచ్చాయి. అయితే చెరువు కట్ట మీద నిలబడి నేను చూసినది వాటిలో లేదు. గాలి లేదు, ఆ చెరువంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్లు కదలడం లేదు.

ఆ ఫోటోల మధ్య ఒకే ఒక్కటి వేరుగా ఉంది. అది నేను తెలిసి తీసింది కాదు. ముందురోజు రాత్రి అలిపిరి వైపు నుంచి ఘాట్ రోడ్డు మీద కదిలే వాహనాల దీపాలను తీయడానికి వెలుతురుకు సెన్సర్ ఎంతగా స్పందించాలో చెప్పే ఐఎస్ఓను 100కి, లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రమైన అపర్చర్‌ను బాగా చిన్నదైన ఎఫ్ 22కి పెట్టి, ఆ అమరికను మార్చకుండానే తెల్లవారి చెరువు దగ్గర మొదటి ఫోటో తీసేశాను. ఆకాశం దట్టంగా మబ్బు పట్టి ఉండడంతో షట్టర్ సెకనులో నాలుగో వంతు సేపు తెరిచి ఉండిపోయింది. ఆ ఫోటోలో ఎర్ర కలువ రేకులు తడి కుంచెతో ఒక్క విసురున పక్కకు లాగినట్లు సాగాయి. ఆకుపచ్చ మరకల మధ్య నీరు బూడిదరంగు పట్టీలుగా పరుచుకుంది. కెమెరా నా చేతిలోనే కదిలింది కాబట్టి అది మంచి ఫోటో అని చెప్పలేను. అయినా ఆ ఉదయం నేను చూసిన చెరువు నూట ముప్పై ఫోటోలలో ఆ ఒక్కదానిలోనే ఉంది. ఆ తరువాత ఏడాదికి పైగా దానినే, ఈసారి తెలిసి, తీయడానికి ప్రయత్నించాను. ఆ క్రమంలో తెలుసుకున్న విషయాలనే ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఎదురైన చిక్కు పూల వేళకూ గాలి వేళకూ పొంతన కుదరకపోవడం. మన కావ్యాలలో కలువ చంద్రుణ్ణి చూసి వికసిస్తుంది, తామర సూర్యుణ్ణి చూసి వికసిస్తుంది. ఆ మాట మన చెరువులలోని తెల్ల కలువకూ ఎర్ర కలువకూ సరిపోతుంది. అవి పొద్దు గుంకాక విచ్చుకుని, రాత్రంతా తెరిచి ఉండి, మరునాడు ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి. నీలి కలువ తీరు వేరు. అది పగటి పువ్వు; పొద్దెక్కాక విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది. గాలి సంగతి చూస్తే, చాలా రోజులలో తెల్లవారుజామున చెరువు అద్దంలా ఉంటుంది, నేల వేడెక్కిన కొద్దీ గాలి లేస్తుంది. అంటే గాలి అందుకునే వేళకు ఎర్ర కలువలు తలుపులు మూసుకుంటాయి. ఈ సంగతి పాఠ్యపుస్తకంలో చదివి పిల్లలకు చెప్పినవాణ్ణే అయినా, నాలుగు ఆదివారాలు ముడుచుకుపోయిన మొగ్గల ముందు నిలబడ్డాక గాని నాకు అనుభవానికి రాలేదు. ఆషాఢంలో మాత్రం తెల్లవారేసరికే గాలి సిద్ధంగా ఉంటుంది కనుక ఎర్ర కలువలకు ఆ నెలను నమ్ముకోవాలి. తక్కిన కాలమంతా గాలిలో తీయదగినది నీలి కలువే. పైగా దాని పువ్వు నీటికి జానెడు ఎత్తున సన్నని కాడ మీద నిలబడుతుంది కాబట్టి కొద్దిపాటి గాలికే బాగా ఊగుతుంది.

మన ప్రాంతపు చెరువుల సంగతి కూడా చెప్పాలి. తిరుపతి, చిత్తూరు వైపు చెరువులు నిండేది ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానలకే. చెరువు నిండి మరవ (అదనపు నీరు బయటికి పోయే దారి) పారిన ఏడాది పుష్య, మాఘ మాసాలలో పూలు పుష్కలంగా ఉంటాయి గాని గాలి మెత్తగా ఉంటుంది. ఆషాఢంలో గాలి ఉంటుంది గాని నీరు తగ్గి, పూలు తూము దగ్గరి లోతట్టుకు చేరుకుంటాయి. నాకు ఈ రెండో కాలమే కలిసి వచ్చింది.

తరువాత వెలుతురు లెక్క. ఎండ బాగా ఉన్నప్పుడు ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్ 16 పెడితే షట్టర్ దాదాపు సెకనులో 125వ వంతు వస్తుంది. దానిని అర సెకనుకు తేవాలంటే ఆరు స్టాపుల వెలుతురును ఆపాలి; ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది, అంటే వచ్చే వెలుతురులో 64వ వంతును మాత్రమే లోపలికి రానివ్వాలి. అపర్చర్‌ను ఎఫ్ 22కి మూస్తే ఒక స్టాపు తగ్గుతుంది గాని, అంత చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుతురు వంగి విస్తరించడం వల్ల చిత్రమంతా కొద్దిగా మెత్తబడుతుంది. పైగా సెన్సర్ మీద పేరుకున్న దుమ్ము కణాలు నీటిలో ప్రతిఫలించే ఆకాశం మీద నల్లని చుక్కలుగా తేలుతాయి. ఈ రెండు కారణాల చేత నేను ఎఫ్ 11 దాటడం మానేసి, లెన్స్ ముందు వెలుతురును తగ్గించే బూడిదరంగు ఎన్‌డీ ఫిల్టర్ పెట్టడం అలవాటు చేసుకున్నాను. మబ్బు రోజుకు మూడు స్టాపులది, ఎండకు ఆరు స్టాపులది, ఈ రెండూ ఉంటే చాలు. తిప్పుతూ చీకటిని పెంచుకునే రకం ఫిల్టర్ ఒకటి మొదట కొన్నాను. చివరిదాకా తిప్పితే ఫ్రేమ్ మీద గుణకారం గుర్తు ఆకారంలో నల్లని నీడ పడుతుంది, కనుక దానిని పక్కన పెట్టేశాను.

ఇక అసలు ప్రశ్న షట్టర్‌ను ఎంతసేపు తెరవాలన్నది. దీనికి పుస్తకంలో దొరికే సమాధానం లేదు. పువ్వు ఎంత దూరం ఊగుతోంది, ఎంత సేపటికి ఒకసారి ఊగుతోంది అన్నదాని మీద అది ఆధారపడుతుంది. నా చెరువులో, నా 70–300 మి.మీ. జూమ్ లెన్స్‌తో గమనించింది చెబుతాను. సెకనులో 30వ వంతు దగ్గర ఫోటో చెడిపోయినట్లు కనిపిస్తుంది. చూసినవారు చేయి వణికిందనుకుంటారు. ఎనిమిదో వంతు దగ్గర అంచులు మాత్రమే కరుగుతాయి. నాలుగో వంతు నుంచి అర సెకను మధ్య రేకులు కుంచె గీతలుగా మారతాయి, అయినా అది కలువేనని కన్ను పోల్చుకుంటుంది. ఒక సెకను దాటితే పువ్వు రంగు మేఘమవుతుంది.

రెండు, మూడు సెకన్లు తెరిచినప్పుడు ఒక విచిత్రం చూశాను. ఒకే పువ్వు ఉన్న చోట పక్కపక్కనే రెండు లేత పూలు కనిపించాయి, వాటి మధ్య పలుచని రంగు పొర మాత్రమే ఉంది. ఒకే పువ్వును తీశానని నాకు తెలుసు కాబట్టి ఎక్కడ పొరపాటు జరిగిందా అని చాలాసేపు వెతికాను. కారణం ఊయలలో ఉంది. ఊయల నడిమధ్యలో వేగంగా పోతుంది, రెండు కొసలలో ఒక్క క్షణం ఆగి వెనుదిరుగుతుంది. కాడ మీది పువ్వూ అంతే. ఎక్కడ ఎక్కువసేపు ఉంటే అక్కడ దాని రంగు చిక్కబడుతుంది, కనుక ఊపు రెండు కొసలలోనూ ఒక్కొక్క పువ్వు అచ్చవుతుంది. ఇది తెలిశాక ఆ జంట పూలను తప్పుగా చూడడం మానేశాను. అవి కావాలనుకున్న రోజు రెండు సెకన్లు తెరుస్తాను, వద్దనుకున్న రోజు అర సెకనుకు దిగుతాను.

నిలబడే దిక్కు కూడా ముఖ్యమని ఆలస్యంగా గ్రహించాను. గాలికి ఎదురుగా నిలబడితే పువ్వు మన వైపుకూ, మన నుంచి దూరంగానూ ఊగుతుంది. ఫోటోలో అది గీతగా సాగదు, మసకబారుతుందంతే. గాలి మన ఎదుట అడ్డంగా పోయేలా నిలబడాలి. పడమటి గాలికి నేను దక్షిణం వైపు తిరిగి నిలబడతాను. గాలి నా కుడి నుంచి ఎడమకు పోతుంది, ఉదయపు వెలుతురు ఎడమ నుంచి వస్తుంది, ఎదుట ఒడ్డు మీది చింతచెట్ల నీడ నీటిలో నల్లగా పడుతుంది.

ఆ నల్లని నీడ లేకపోతే ఈ పని సాగదు. ఎక్కువసేపు షట్టర్ తెరిచినప్పుడు వెలుతురున్న వస్తువు చీకటి మీద గీత గీస్తుంది. అదే చీకటి వస్తువు వెలుతురు మీద కదిలితే ఆ వెలుతురు దానిని తినేస్తుంది. తెల్లని ఆకాశం ప్రతిఫలించే నీటి ముందు నీలి కలువను ఎన్నిసార్లు తీసినా నాకు మిగిలింది బూడిదరంగు మరకే. చింతల నీడ ముందు అదే పువ్వు పట్టుదారంలా సాగింది. లెన్స్‌కు పోలరైజింగ్ ఫిల్టర్ తగిలించి, నీటి ఉపరితలానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూస్తే ప్రతిఫలనం దాదాపు పూర్తిగా తొలగిపోతుంది. ఆకుల మీది మైనపు మెరుపు కూడా పోయి పచ్చదనం బయటపడుతుంది. మొదట్లో దానిని పూర్తిగా తిప్పి నీటిని నల్లగా చేశాను. అప్పుడు చెరువు మాయమై, పూలు నల్లగుడ్డ మీద పరిచినట్లు కనిపించాయి. ఇప్పుడు సగమే తిప్పుతున్నాను; కొంత ఆకాశం నీటిలో మిగలాలి, అది గాలికి చెదరాలి.

ఇవన్నీ తెలిశాక కూడా నా ఫోటోలు నిలబడలేదు. ఒక కారణం నా ట్రైపాడ్. ఒడ్డున బురద గట్టిగానే ఉందనుకుని దాని మీద పెట్టాను. కాళ్లు కనిపించనంత నెమ్మదిగా దిగబడుతూ వచ్చాయి. ఒక ఆదివారం ఉదయమంతా తీసిన ఫోటోలలో కదలకూడనివన్నీ కిందికి జారినట్లు సాగి ఉన్నాయి. ఆ తరువాత చెరువు కట్ట లోపలి వాలున పరిచిన రాళ్ల మీద పెట్టడం, నడిమి కడ్డీకి నీళ్ల సీసాలున్న సంచి వేలాడదీయడం, లెన్స్‌లోని కంపన నివారణను ఆపేయడం, షట్టర్‌ను వేలితో నొక్కకుండా రిమోట్‌తో నొక్కడం నియమంగా పెట్టుకున్నాను. ఇంకా దగ్గరికి పోదామని నీటిలోకి దిగవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. కలువ కాడలు కాళ్లకు చుట్టుకుంటాయి, పూడిక ఎంత లోతున ఉందో పైకి తెలియదు. లెన్స్ ఉన్నది అందుకే.

రెండో కారణం శ్రీకాళహస్తిలో తెలిసింది. అక్కడ కలంకారీ వేసే ఒక పెద్దాయన మా కుటుంబానికి పరిచయం. పండుగ చీర ఒకటి తీసుకోవడానికి వెళ్లినప్పుడు, నా ఫోటోలు రెండు అచ్చు వేయించి ఆయనకు చూపించాను. ఆయన అప్పుడే కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో ముంచి ఆరవేసిన బట్టను నేల మీద పరుచుకుని, ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ నానబెట్టి చేసిన కసిమిలో వెదురు కలాన్ని ముంచి గీత గీస్తున్నారు. కలానికి చుట్టిన ఉన్నిని బొటనవేలితో కొద్దిగా నొక్కితే నల్లరంగు కొసకు దిగుతోంది. నొక్కు తగ్గితే గీత సన్నబడుతోంది. తామర రేకు ఒకటి ఎక్కడా చేయి ఎత్తకుండా పూర్తయింది. ఆ తరువాత నా ఫోటోలు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"రంగు బాగుండాది సార్. గీత యాడుండాది? గీత లేకపోతే రంగు దేన్ని పట్టుకోని నిలబడల్ల?" అన్నారు.

ఆ మాటతో నాకు దారి దొరికింది. కలంకారీలో గీత ముందు, రంగు తరువాత. నేను చేస్తున్న పనిలో గాలి గీతలన్నిటినీ చెరిపి రంగును మిగులుస్తుంది; అన్నీ చెరిగిపోతే కంటికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు. చెరువులో గాలికి కదలనిదేదో వెతికి, దానిని ఫ్రేమ్‌లో స్పష్టంగా నిలబెట్టాలి. తిరిగి వచ్చే దారంతా ఆ చెరువులో కదలనివి ఏమున్నాయా అని ఆలోచించుకున్నాను. పూలు కదులుతాయి, నీడలు కదులుతాయి, ఆకులు కాడలకు కట్టిన పడవల్లా అటూ ఇటూ జారుతాయి. దట్టంగా అల్లుకున్న ఆకుల గుంపు మధ్యలో ఉన్నవి మాత్రం చుట్టూ ఉన్నవాటి ఒత్తిడికి దాదాపు నిలకడగా ఉంటాయి. వాటి మాటున నీరు కూడా నునుపుగా ఉంటుంది. ఇంకా తూము ఉంది. నీటిలో నిలబెట్టిన రెండు రాతి స్తంభాలు, వాటి మీద అడ్డరాయి, నాచు పట్టిన గీతల వద్ద నీటి మట్టాల గుర్తులు. ఇన్నాళ్లూ అది ఫ్రేమ్‌లోకి రాకుండా జాగ్రత్తపడిన నేను, ఆ తరువాతి వారం దాని చుట్టూనే తిరిగాను. ఫోకస్ స్తంభం అంచు మీద పెట్టి, తరువాత కెమెరా తనంతట తాను ఫోకస్ మార్చకుండా చేతి అమరికకు మార్చుకుంటే, పూలు ఎంత ఊగినా గురి తప్పదు.

గాలిని ఎప్పుడు అందుకోవాలో నేర్పింది ఆ ఊరి పెద్దాయన ఒకరు. రోజూ మేకలను చెరువు వెనుక మేపుతారు. నన్ను రెండు నెలలుగా చూస్తూ, ఒక రోజు కట్ట మీద పక్కనే కూర్చున్నారు.

"ఏం అయ్యోరా, ఈ గాలిలో పువ్వు నిలస్తాదా? తెల్లారుజామున వస్తే కదలకుండా ఉంటాది గదా" అన్నారు.

"కదలాలనే వచ్చాను పెద్దాయనా. గాలి కనిపించేలా తీయాలని" అన్నాను.

ఆయన కొంతసేపు ఆలోచించి, "గాలిని తీయాలంటే పువ్వును చూస్తే ఎట్ల? జమ్మును చూడు. గాలి ముందు ఆడికొస్తాది, తర్వాతే ఈడికి" అన్నారు.

పడమటి ఒడ్డున జమ్ము దట్టంగా పెరిగి ఉంది. గాలి తెర వచ్చినప్పుడు మొదట ఆ జమ్ము వాలుతుంది. తరువాత నీటి మీద ముదురు రంగు మచ్చ ఒకటి చిన్న అలలతో గరుకుగా మారి మన వైపు పరుగెత్తుతుంది. అది పూలను చేరడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. ఆ మధ్యలో పూలు నిటారుగా, దాదాపు నిశ్చలంగా ఉంటాయి. ఇక్కడే కీలకం ఉంది. పువ్వు నిలకడగా ఉన్న చివరి క్షణంలో షట్టర్ తెరిచి, గాలి దానిని తాకి లాక్కుపోయాక మూయాలి. అర సెకనులో సగం సేపు పువ్వు ఆగి ఉంటే దాని రూపం చిక్కగా అచ్చవుతుంది, మిగతా సగంలో రంగు తోకలా సాగుతుంది. అప్పుడు అది ఊగుతున్న కలువ అవుతుంది. లేకపోతే ఉత్త మరక. జమ్ము వాలగానే మనసులో లెక్క మొదలుపెట్టి, మచ్చ ఫలానా ఆకును దాటగానే రిమోట్ నొక్కడం నేర్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. అప్పటికీ వంద ఫోటోలలో రెండో మూడో కుదిరేవి.

ఈ కాలంలోనే ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే వేసిన కలువల చిత్రాలను మళ్లీ శ్రద్ధగా చూశాను. నేను చూసినవి పుస్తకాలలో అచ్చయిన ప్రతులే. ఫ్రాన్సులోని జివెర్నీలో 1883 నుంచి నివసించిన ఆయన, 1893లో ఇంటి పక్కన స్థలం కొని కొలను తవ్వించి, జీవితపు చివరి మూడు దశాబ్దాలలో ఒక్క కలువలనే దాదాపు 250 చిత్రాలుగా వేశారు. కంటిలో శుక్లాలు ముదిరినా పని ఆపలేదు, 1923లో శస్త్రచికిత్స చేయించుకున్నారు. 1926లో ఆయన మరణించగా, పెద్ద గోడ చిత్రాలు మరుసటి ఏడాది పారిస్‌లోని ఆరంజరీ మ్యూజియంలో ప్రజల ముందుకు వచ్చాయి. నా పనికి ఆ చిత్రాలలో ఉపయోగపడింది ఒక్క విషయం. కాలం గడిచిన కొద్దీ ఆయన చిత్రాలలోంచి ఎదుటి ఒడ్డు తప్పుకుంటుంది, దిగంతం పోతుంది, చివరకు నీరూ పూలూ నీటిలో తలకిందులైన ఆకాశమూ మాత్రమే మిగులుతాయి. నా ఫ్రేములన్నిటిలోనూ పై అంచున ఒడ్డు, విద్యుత్ స్తంభం, పొలం గట్టు ఉన్నాయని అప్పుడు గమనించాను. కెమెరాను కిందికి వంచి ఒడ్డును తప్పించగానే, చింతచెట్లు లేకుండా వాటి నీడ మాత్రమే మిగిలింది.

వేరే దారులూ ప్రయత్నించాను. ఒకే ఫ్రేమ్ మీద పది ఫోటోలను కెమెరాలోనే సగటుగా కలిపితే, కుంచె లాగుడుకు బదులు చిన్న చిన్న అద్దకాల్లాంటి రూపం వస్తుంది. ఫిల్టర్ లేని రోజు ఎండలో అది పనికివస్తుంది. మా విద్యార్థి ఒకడు ఐఫోన్‌లో లైవ్ ఫోటో తీసి, దానిని లాంగ్ ఎక్స్‌పోజర్‌గా మార్చి నాకు చూపించాడు, చక్కగానే ఉంది. కెమెరానే కావాలని కదిపి తీసే పద్ధతి ఒకటి ఉంది గాని, అందులో రాయీ నీరూ పువ్వూ అన్నీ ఒకేలా సాగిపోతాయి. అది నా చేతి కదలిక, గాలిది కాదు. నాకు అది అక్కరలేదనిపించింది.

చివరకు నేను కోరుకున్న ఫోటో రెండో ఆషాఢంలో, మబ్బు పట్టిన ఒక ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో వచ్చింది. ఐఎస్ఓ 100, ఎఫ్ 11, అర సెకను, మూడు స్టాపుల ఫిల్టర్. ఎడమ పక్కన తూము స్తంభం, దాని మీది ఉలి దెబ్బలతో సహా, నిలకడగా ఉంది. దాని ముందు ఐదు ఎర్ర కలువలు. నాలుగు పూర్తిగా రంగుగా సాగిపోయాయి, స్తంభం మరుగున ఉన్న ఐదోది మాత్రం రేకుల కొసలు వదిలి మిగతా రూపాన్ని నిలుపుకుంది. ఆకుల కుడి అంచులు లేచి, ఆకుపచ్చ మీద ఊదారంగు పట్టీలు గీశాయి. చింతల నీడలో ఆకాశం ముక్కలు చెదిరి ఉన్నాయి. కంప్యూటర్‌లో దానికి చేసింది చాలా తక్కువ. ఎరుపు మరీ చిక్కబడి రేకుల గీతలు మునిగిపోకుండా కొంత తగ్గించాను, నీడలను అలాగే ఉంచాను, స్పష్టతను పెంచే మీటలను ముట్టుకోలేదు.

అచ్చు వేయించడంలో ఒక దెబ్బ తగిలింది. ఒక ల్యాబ్‌లో ఇచ్చి మరునాడు వెళ్లేసరికి, అక్కడ పనిచేసే అబ్బాయి "షేక్ అయింది సార్, కొంచెం సరిచేశాను" అని చెప్పి ఇచ్చాడు. అంచులకు పదును పెంచడంతో మెత్తగా సాగిన రంగు చుట్టూ తెల్లని గీతలు లేచాయి. మెరిసే కాగితం మీద నల్లని నీరు నూనె పోసినట్లు కనిపించింది. అతను మంచి ఉద్దేశంతోనే చేశాడు. ముందుగా చెప్పకపోవడం నా పొరపాటు. రెండోసారి ఫైలుతో పాటు ఏ మార్పూ చేయవద్దని రాసిచ్చి, మెరుపు లేని నూలు కాగితం మీద 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవున వేయించాను. ఇలాంటి చిత్రానికి మెరుపు లేని కాగితమే తగినది. వెలుతురు కాగితంలోకి ఇంకుతుంది, దగ్గరికి వెళ్లి చూసినా మన ముఖం అందులో కనిపించదు.

ఆ అచ్చును చుట్ట చుట్టుకుని ఒక సాయంత్రం చెరువుకు తీసుకెళ్లాను. పెద్దాయన మేకలను తోలుకుని కట్ట దిగి వస్తున్నారు. చేతులు పంచెకు తుడుచుకుని, అచ్చును రెండు కొసలా పట్టుకుని, వెలుతురుకు వాటంగా పడమటికి తిరిగి చూశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత స్తంభం మీద వేలు పెట్టి, "ఇది మన తూము రాయి గదా" అన్నారు. వేలిని అక్కడి నుంచి మెల్లగా కుడి పక్కకు జరిపి, లేచిన ఆకు అంచుల మీద ఆపారు.

"ఆకు ఈ పక్క లేసిండాది సూడు. పడమటి గాలి. ఆషాఢంలో తీసినావు" అన్నారు.

అవునన్నాను. ఫోటోను మళ్లీ ఒకసారి చూసి, ముడత పడకుండా తానే చుట్ట చుట్టి ఇచ్చారు. పువ్వు ఎందుకు చెదిరిపోయిందని ఆయన అడగలేదు.